వైశాలి భేరి ఎవరికి వినపడింది?



బీహార్ యాత్రకు వెళ్లే మనవాళ్లు బుద్ధగయ, రాజగిరి, నలంద చూసుకుని, ఇంకా రోజు మిగిలితే వైశాలికి పోతారు. పట్నా దగ్గర గంగ దాటి ఉత్తరంగా 50–60 కిలోమీటర్లు వెళ్తే బసాఢ్ అనే ఊరు వస్తుంది. అదే ఒకప్పటి వైశాలి. అక్కడ ఒక పెద్ద మట్టిదిబ్బ ఉంది, ఊరివాళ్లు దాన్ని రాజా విశాల్ గఢ్ అంటారు. కొంచెం దూరంలో కొల్హువా దగ్గర ఒకే ఒక సింహం కూర్చున్న నున్నటి రాతి స్తంభం నిలబడి ఉంది. 1957–58 తవ్వకాల్లో బయటపడ్డ చిన్న స్తూపం ఒకటి ఉంది. మొదట మట్టితో కట్టి, తర్వాత ఇటుకలతో పెంచిన స్తూపం అది. భగవాన్ బుద్ధుని అస్థికల్లో లిచ్ఛవులకు వచ్చిన వాటా మీద కట్టింది అదేనని పురావస్తు పండితులు చెప్తారు. చుట్టూ మామిడి తోటలు, అరటి తోటలు, పొలాలు. పేరుకు మహానగరం, చూడబోతే ఇంతే.

అయినా ఆ పేరు చావలేదు. ప్రజాస్వామ్యం మాట వచ్చినప్పుడల్లా వైశాలి పేరు వస్తుంది. రాజు లేకుండా సభలో కూర్చుని పాలించుకున్న నగరం అని మనం కూడా సభల్లో గొప్పగా చెప్పుకుంటాం. చెప్పుకోవాలి కూడా. ప్రజాస్వామ్యం ఎవరో తెల్లవాళ్లు తెచ్చి మనకు పెట్టిన భిక్ష కాదని చెప్పడానికి అంతకన్నా మంచి సాక్ష్యం లేదు.

కానీ బౌద్ధులం కాబట్టి వినడంతో ఆగకూడదు, విచారించాలి. అంత గొప్ప నగరం ఎందుకు పడిపోయింది? ఆ సభలో ఎవరికి చోటు ఉంది, ఎవరికి లేదు? ఈ రెండు ప్రశ్నలూ విడివిడిగా కనపడతాయి కానీ, రెండింటికీ జవాబు ఒక్కచోటే ఉందని నాకు అనిపిస్తుంది. ఈ చిన్న పుస్తకంలో మీతో కలిసి ఆ జవాబు వెతకాలని నా ప్రయత్నం.

రాజు లేని నగరం

బుద్ధుని కాలంలో గంగకు దక్షిణాన మగధ ఉండేది. అక్కడ బింబిసారుడు, అతని తర్వాత అజాతశత్రు రాజులు. గంగకు ఉత్తరాన వజ్జి గణాలు. వాటిలో ముఖ్యమైనవాళ్లు లిచ్ఛవులు, వాళ్ల నగరం వైశాలి. వాళ్లకు ఒక్క రాజు లేడు. సంథాగారం అనే సభాభవనంలో అందరూ కూడి, మాట్లాడుకుని, తీర్మానం చేసేవాళ్లు. వైశాలిలో 7,707 మంది రాజులు ఉండేవాళ్లని జాతక కథ చెబుతుంది. ఆ అంకె లెక్క చూసి రాసింది కాకపోవచ్చు. దాని అర్థం మాత్రం తేలికే. ప్రతి లిచ్ఛవి కుటుంబపెద్దా తనను తాను రాజే అనుకునేవాడు.

వాళ్ల న్యాయవిధానం గురించి బుద్ధఘోషుడు తన అట్ఠకథలో ఒక మంచి సంగతి రాశాడు. దొంగ అని ఒకణ్ని పట్టుకొస్తే వెంటనే శిక్ష వేసేవాళ్లు కాదు. ముందు ఒక అధికారి విచారించేవాడు. తప్పు లేదని తేలితే అక్కడే వదిలేసేవాడు. తప్పు ఉందనిపిస్తే తాను శిక్షించకుండా పై అధికారి దగ్గరికి పంపేవాడు. అక్కడా అంతే. అలా ఒకరి తర్వాత ఒకరు, ఉపరాజు దాకా, రాజు దాకా. దారిలో ఎవరైనా విడిచిపెట్టవచ్చు, శిక్ష వేసే హక్కు మాత్రం చివరివాడికే. ఆ చివరివాడు కూడా తన ఇష్టమొచ్చినట్టు కాకుండా, పాత తీర్పులు రాసిపెట్టిన గ్రంథం చూసి శిక్ష వేయాలి. ఎవరి ముఖం చూస్తే వాళ్లకు వాత పెట్టే కాలంలో ఇది చిన్న విషయం కాదు.

ఏడు ధమ్మాలు

గంగ ఒడ్డున ఒక రేవు దగ్గర దొరికే విలువైన సరుకు గురించి అజాతశత్రుకూ లిచ్ఛవులకూ తగాదా వచ్చింది. వజ్జులను నాశనం చేస్తానని అజాతశత్రు పంతం పట్టాడు. ముందు తన మంత్రి వస్సకారుణ్ని గృధ్రకూటం మీద ఉన్న బుద్ధుని దగ్గరికి పంపాడు. తథాగతుడు ఏం చెప్తాడో విని రమ్మన్నాడు.

బుద్ధుడు మంత్రికి నేరుగా జవాబు చెప్పలేదు. వెనక నిలబడి విసురుతున్న ఆనందుణ్ని అడిగాడు: వజ్జులు ఇవి ఇంకా పాటిస్తున్నారా అని. మహాపరినిబ్బాన సుత్తంలో ఉన్న ఆ ఏడు విషయాలను మన మాటల్లో చెప్పుకుంటే ఇలా ఉంటాయి.

1. తరచుగా సభ కూడడం.
2. కలిసి రావడం, కలిసి పని చేయడం, కలిసి లేవడం.
3. తీర్మానించనిది అమలు చేయకుండా, తీర్మానించినది తెంచకుండా, ఒప్పుకున్న పద్ధతిలో నడవడం.
4. పెద్దలను గౌరవించడం, వాళ్ల మాట వినడం.
5. కులస్త్రీలను, కన్యలను బలవంతంగా ఎత్తుకుపోయి ఉంచుకోకపోవడం.
6. తమ చైత్యాలను కాపాడుకోవడం, వాటికి ఇచ్చే దానం మానకపోవడం.
7. అరహంతులకు రక్షణ ఇవ్వడం, వచ్చినవాళ్లు సుఖంగా ఉండేలా చూడడం.

పాటిస్తున్నారని ఆనందుడు చెప్పాడు. అవి పాటించినంత కాలం వాళ్లకు వృద్ధే తప్ప హాని లేదని బుద్ధుడు అన్నాడు.

ఇక్కడ కొందరు అడుగుతారు. పాత పద్ధతి తెంచకూడదంటే మనుస్మృతి కూడా పాతదే కదా, బాబాసాహెబ్ దాన్ని తగలబెట్టాడు కదా అని. మంచి ప్రశ్నే. మూడో ధమ్మం చెప్పేది పాతదంతా పవిత్రమని కాదు. సభ కూడి ఒప్పుకున్న దాన్ని ఒక్కడు తన బలంతో మార్చకూడదని. మనుస్మృతి మీద మన తాతలను ఎవరూ సభకు పిలిచి అడగలేదు. ఎవరి సమ్మతీ లేకుండా వాళ్ల నెత్తిన పెట్టినదాన్ని తీర్మానం అనరు.

మంత్రి మూడేళ్ల పని

వస్సకారుడు తెలివైనవాడు. బుద్ధుడు చెప్పిందంతా విని, దానిలోంచి తనకు కావలసింది ఏరుకున్నాడు. వజ్జులను యుద్ధంలో గెలవలేమని, ఆశపెట్టి లొంగదీయాలి లేదా వాళ్లలో వాళ్లకు చీలిక తేవాలని అక్కడే అనేశాడు. ఒకే బోధ విని ఒకడు బాగుపడతాడు, ఇంకొకడు దాన్నే ఆయుధం చేసుకుంటాడు.

తర్వాత జరిగింది అట్ఠకథ చెబుతుంది. వస్సకారుడు నిండు సభలో వజ్జుల తరఫున మాట్లాడినట్టు నటించాడు. రాజు కోపం వచ్చినట్టు నటించి తల గొరిగించి వెళ్లగొట్టాడు. మంత్రి గంగ దాటి వైశాలికి వచ్చాడు. రానివ్వొద్దని కొందరు లిచ్ఛవులు అన్నారు. మన కోసం మాట్లాడి శిక్ష పొందినవాడు కదా అని మిగతావాళ్లు చేరదీశారు. మగధలో ఉన్న ఉద్యోగమే ఇక్కడా ఇచ్చారు. న్యాయం చెప్పేవాడిగా, పిల్లలకు విద్య నేర్పేవాడిగా కుదురుకున్నాడు.

ఆ తర్వాత అతను చేసిన పని వింటే నవ్వొస్తుంది. ఒక లిచ్ఛవిని పక్కకు పిలిచి చెవిలో అడిగేవాడు: పొలం దున్నుతున్నారా అని. ఆఁ, దున్నుతున్నాం. రెండెద్దులు కట్టా? ఆఁ, రెండెద్దులే. అంతే, పంపేసేవాడు. మిగతావాళ్లు అడిగేవాళ్లు, ఏమన్నాడురా అని. ఎద్దుల గురించి అడిగాడు అంటే ఎవరు నమ్ముతారు? ఇంత గుట్టుగా పిలిచి ఎద్దుల గురించి అడుగుతాడా, ఏదో దాస్తున్నాడు అనుకునేవాళ్లు. ఇంకొకణ్ని పిలిచి, ఏం కూర తిన్నావు అని అడిగేవాడు. మరొకడితో, నువ్వు పేదవాడివట కదా, ఫలానా వాడు అన్నాడు అనేవాడు. మరొకడితో, నువ్వు పిరికివాడివట కదా అనేవాడు.

మూడేళ్లు గడిచాయి. ఇద్దరు లిచ్ఛవులు ఒకే దారిలో నడవడం మానేశారు. అప్పుడు వస్సకారుడు సభ కూడమని భేరి కొట్టించి చూశాడు. ఎవరూ రాలేదు. గొప్పవాళ్లు పోనీ, శూరులు పోనీ, మాకెందుకు అని ఎవరింట్లో వాళ్లు ఉండిపోయారు. అజాతశత్రుకు కబురు వెళ్లింది. సైన్యం గంగ దాటేటప్పుడు ఒకసారి భేరి మోగింది, నగరం ద్వారాల దగ్గరికి వచ్చినప్పుడు ఇంకోసారి మోగింది. ఎవరూ కదల్లేదు. తెరిచి ఉన్న ద్వారాల్లోంచి అజాతశత్రు లోపలికి నడిచి వచ్చాడు.

గోడలు బలంగానే ఉన్నాయి, ఆయుధాలు ఆయుధశాలల్లోనే ఉన్నాయి. మనిషికీ మనిషికీ మధ్య నమ్మకం మాత్రం మిగల్లేదు.

ఇనుప వల వేసిన చెరువు

మామూలుగా ఉపన్యాసాల్లో కథ ఇక్కడితో ఆపేస్తారు. ఐకమత్యమే బలం అని నీతి చెప్పి చప్పట్లు కొట్టించుకుంటారు. మనం ఇంకొంచెం ముందుకు పోదాం.

వైశాలిలో ఒక చెరువు ఉండేది. లిచ్ఛవి కుటుంబాలవాళ్లకు అభిషేకం చేసే నీళ్లు దాంట్లోవే. భద్దసాల జాతక కథ ఆ చెరువు ఎలా ఉండేదో చెబుతుంది. లోపలా బయటా గట్టి కాపలా. పైన ఇనుప వల. పిట్ట కూడా దూరడానికి సందు లేదు. బంధులుడు అనే మల్ల వీరుడి భార్య మల్లిక, గర్భంతో ఉన్నప్పుడు ఆ చెరువులో స్నానం చేసి ఆ నీళ్లు తాగాలని కోరింది. మల్లులు కూడా లిచ్ఛవుల్లాగా గణ రాజ్యంవాళ్లే, పొరుగువాళ్లే. అయినా ఆ నీళ్లు ముట్టడానికి బంధులుడు కాపలావాళ్లను కొట్టి తరమాల్సి వచ్చింది, ఇనుప వల కోయాల్సి వచ్చింది. విషయం తెలిసి 500 మంది లిచ్ఛవులు రథాలెక్కి వాళ్ల వెంటపడ్డారు.

కథలో అతిశయోక్తి ఉండవచ్చు. కానీ ప్రజాస్వామ్య నగరంలో చెరువు మీద ఇనుప వల ఉందంటే ఆ కథ విన్నవాళ్లెవరికీ వింతగా తోచలేదు. మనం గమనించాల్సింది అది.

ఇప్పుడు ఐదో ధమ్మం మళ్లీ చూడండి. కులస్త్రీలను, కుల కన్యలను బలవంతం చేయకూడదు. మంచిదే. మరి కులం లేని ఆడపిల్ల సంగతేంటి? అంబపాలి మామిడిచెట్టు కింద దొరికిన పిల్ల. తల్లీ తండ్రీ తెలియదు. పెద్దయ్యాక ఆమె కోసం రాకుమారులు కొట్లాడుకున్నారు. కొట్లాట తీర్చడానికి నగరం చెప్పిన తీర్పు ఏమిటి? ఆమెను ఎవరికీ ఇవ్వలేదు, అందరికీ చెందినదాన్ని చేసింది. మగవాళ్ల తగాదా తీరింది, ఆమె జీవితం తెల్లారింది. 

7,707 మంది రాజులు సభలో కూర్చున్నారు. వాళ్ల పొలాలు దున్నిన దాసులు ఎక్కడ కూర్చున్నారు? వాళ్ల గుర్రాలు కడిగినవాళ్లు, వాళ్ల వీధులు ఊడ్చినవాళ్లు ఎక్కడ కూర్చున్నారు? భేరి మోగినప్పుడు పిలుపు వాళ్ల కోసం కాదు. చెరువు నీళ్లు ముట్టనివ్వని నగరాన్ని కాపాడడానికి వాళ్లెందుకు పరుగెత్తుకు రావాలి?

ఇది మనకు తెలియని సంగతి కాదు. మన ఊళ్లలో దండోరా వేసింది మన తాతలే. డప్పు భుజాన వేసుకుని వీధి వీధీ తిరిగి, రచ్చబండ దగ్గర కూడమని అందరికీ చెప్పింది వాళ్లే. కూడినప్పుడు రచ్చబండ మీద కూర్చున్నది మాత్రం వాళ్లు కాదు. పిలిచిన మనిషికే చోటు లేని సభ ఎలా ఉంటుందో పుస్తకం చదవకుండానే మనకు తెలుసు.

కాబట్టి నాకు తోచేది ఇది. వస్సకారుడు వైశాలికి కొత్తగా చీలిక తేలేదు. ఉన్న గీత మీదే గీశాడు. నువ్వు పేదవాడివట అని ఒక మాట అంటే మనసు విరిగిపోయిందంటే, పేదవాడు తక్కువవాడు అనే లెక్క ఆ నగరంలో ముందే ఉందన్నమాట. చెరువు మీద వల వేసిన మనసే, మూడేళ్ల తర్వాత పక్కింటివాడికి తలుపు వేసింది. మనుషుల్ని ఎక్కువ తక్కువలుగా చూడడం అలవాటయ్యాక అది ఊరి చివర ఆగదు, ఇంటి లోపలికి కూడా వస్తుంది.

బుద్ధుడు ఏది తీసుకున్నాడు, ఏది వదిలాడు

బుద్ధునికి వైశాలి అంటే ఇష్టం. ఆ నగరం సభాపద్ధతిని ఆయన మెచ్చుకున్నాడు. వస్సకారుడు వెళ్లగానే భిక్ఖువులందరినీ పిలిపించి, అలాంటి ఏడు ధమ్మాలనే సంఘానికి కూడా బోధించాడు. సంఘంలో పని నడిచే తీరు చూడండి. ముందు ప్రతిపాదన వినిపించాలి. ఒకసారో మూడుసార్లో అడగాలి. ఒప్పుకున్నవాళ్లు మౌనంగా ఉండాలి, ఒప్పుకోనివాళ్లు మాట్లాడాలి. నలుగురికి తక్కువైతే సంఘకర్మ చెల్లదు. అభిప్రాయాలు తెగకపోతే శలాకలు అనే పుల్లలు పంచి లెక్కపెట్టాలి. జబ్బుతో రాలేనివాడు తన సమ్మతిని ఇంకొకరి ద్వారా పంపాలి. మంచాన పడ్డవాడి మాట కూడా సభలో లేకుండా పోకూడదని ఆ నియమం.

పద్ధతి వైశాలిది. ఇనుప వల మాత్రం ఆయన తీసుకోలేదు. మంగలి పని చేసే ఉపాలిని శాక్య రాకుమారుల కన్నా ముందు సంఘంలో చేర్చుకున్నాడు. ముందు చేరినవాడికి తర్వాత చేరినవాళ్లు మొక్కాలి కాబట్టి, రాకుమారులు ఉపాలికి మొక్కారు. బుద్ధుని తర్వాత జరిగిన మొదటి సంగీతిలో వినయాన్ని వల్లించినవాడు ఆ ఉపాలే. వాడిపోయిన పూలు, చెత్త ఎత్తి పారేసే సునీతుణ్ని రాజగృహంలో పిలిచి భిక్ఖువును చేశాడు.

వైశాలిలోనే ఇంకో రెండు ఘటనలు జరిగాయి. మహాపజాపతి గోతమి తల గొరిగించుకుని, శాక్య స్త్రీలను వెంటబెట్టుకుని, కపిలవస్తు నుంచి కాలినడకన వైశాలికి వచ్చింది. కాళ్లు వాచిపోయి, ఒళ్లంతా దుమ్ముతో, కూటాగారశాల బయట ఏడుస్తూ నిలబడింది. అంతకుముందు అడిగితే కాదన్నారు. తలుపు వెంటనే తెరుచుకోలేదన్న నిజాన్ని మన గ్రంథాలు దాచలేదు, మనమూ దాచక్కర్లేదు. ఆనందుడు ఆమె తరఫున అడిగాడు, స్త్రీ అరహంత స్థితి పొందగలదా లేదా అని. పొందగలదని బుద్ధుడు జవాబిచ్చాడు. అలా భిక్ఖుణీ సంఘం పుట్టింది. అడగడానికి నడిచి వచ్చిన స్త్రీలు, పక్కన నిలబడి మాట్లాడిన ఒక మగవాడు, ప్రశ్న విని ఒప్పుకున్న గురువు. తలుపు తెరుచుకోవడానికి ముగ్గురూ కావలసి వచ్చారు.

రెండోది అంబపాలి ఇంట్లో భోజనం. చివరి యాత్రలో బుద్ధుడు వైశాలికి వచ్చినప్పుడు ఆమె ముందు వచ్చి భోజనానికి పిలిచింది. ఆయన ఒప్పుకున్నాడు. లిచ్ఛవులు లక్ష ఇస్తాం, ఆ భోజనం మాకు వదిలెయ్యి అని ఆమెను అడిగారు. వైశాలి మొత్తం ఇచ్చినా వదలనని చెప్పింది. వాళ్లు బుద్ధుని దగ్గరికి వెళ్లి పిలిచారు. రేపటికి అంబపాలికి మాట ఇచ్చానని ఆయన చెప్పాడు. నగరం ఎవరిని అందరి సొత్తు చేసిందో, ఆమె ముందు నగర ప్రభువులు రెండో వరుసలో నిలబడాల్సి వచ్చింది. తన తోటను సంఘానికి దానం చేసి, తర్వాత ఆమె కూడా భిక్ఖుణి అయింది. ఆమె చెప్పిన గాథలు థేరీగాథల్లో ఉన్నాయి. వైశాలిని ఏలిన వేల మంది రాజుల్లో ఎంతమంది పేర్లు మనకు తెలుసు? అంబపాలి పేరు తెలుసు.

మహాడ్ చెరువు, రాజ్యాంగ సభ

ఇప్పుడు ఇనుప వల మాట మనసులో పెట్టుకుని 1927కు రండి. బహిరంగ చెరువులు అందరికీ తెరవాలని బొంబాయి శాసనమండలి 1923లోనే తీర్మానించింది. మహాడ్ మునిసిపాలిటీ కూడా ఒప్పుకుంది. కాగితం మీద చవదార్ చెరువు తెరుచుకుంది. అయినా మనవాళ్లు ఒక్క చుక్క ముట్టలేకపోయారు. 1927 మార్చి 20న బాబాసాహెబ్ వేలమందితో నడిచి వెళ్లి దోసిలితో ఆ నీళ్లు తాగారు. దెబ్బలు తిన్నారు. మనుషులు తాగినందుకు చెరువును శుద్ధి చేశారు. ఆ చెరువు మీద మనకు హక్కుందని కోర్టులో తేలేసరికి 1937 వచ్చింది. సభ తీర్మానం ఒక్కటే చాలదని, చెరువు దాకా నడవాలని మహాడ్ మనకు నేర్పింది.

1949 నవంబర్ 25న రాజ్యాంగ సభలో చివరి పెద్ద ప్రసంగం చేసినప్పుడు అదే బాబాసాహెబ్ ప్రాచీన గణరాజ్యాలను తలుచుకున్నారు. బౌద్ధ సంఘాలకు సభా నియమాలన్నీ తెలుసునని చెప్పారు. సభ్యులు కూర్చునే క్రమం, ప్రతిపాదన, తీర్మానం, కోరం, విప్, ఓట్ల లెక్కింపు అంటూ ఒక్కొక్కటే చెప్పారు. బుద్ధుడు వాటిని ఆనాటి రాజకీయ సభల నుంచే తీసుకుని ఉండాలని కూడా అన్నారు. ఆ ప్రజాస్వామ్యాన్ని ఈ దేశం ఒకసారి పోగొట్టుకుందని, మళ్లీ పోగొట్టుకుంటుందా అని అడిగారు. సామాజిక ప్రజాస్వామ్యం పునాదిగా లేకపోతే రాజకీయ ప్రజాస్వామ్యం నిలవదని హెచ్చరించారు.

గమనించండి. పాత గణరాజ్యాలను గర్వంగా చెప్పిన నోరే, సమానత్వం లేకపోతే ఓటు నిలవదని చెప్పింది. ఆ రెండో మాట వదిలేసి మొదటి మాట ఒక్కటే పట్టుకుంటే, మనం కూడా లిచ్ఛవులమే అవుతాం.

వైశాలి నుంచి కృష్ణ ఒడ్డుకు

బుద్ధుని పరినిర్వాణం తర్వాత దాదాపు 100 ఏళ్లకు వైశాలి పేరు మళ్లీ మోగింది. యశుడనే భిక్ఖువు అక్కడికి వచ్చేసరికి, వజ్జిపుత్తక భిక్ఖువులు ఉపోసథం రోజున కంచు గిన్నెలో నీళ్లు పోసి పెట్టి, ఉపాసకులను అందులో నాణేలు వేయమంటున్నారు. యశుడు తప్పని చెప్పాడు. వచ్చినదాంట్లో ఆయనకూ వాటా ఇవ్వబోయారు, తీసుకోలేదు. ఉపాసకులకు క్షమాపణ చెప్పమన్నారు. ఆయన ఉపాసకుల దగ్గరికి వెళ్లి, క్షమాపణకు బదులు ధమ్మం ఏం చెబుతుందో వివరించాడు. చివరికి 700 మంది భిక్ఖువులు కూడారు. గోలలో నిర్ణయం తేలకపోతే తూర్పు వాళ్లు నలుగురు, పడమటి వాళ్లు నలుగురు, మొత్తం ఎనిమిదిమందిని ఎంచుకుని వాళ్లకు అప్పగించారు. ఇదే రెండో సంగీతి.

సింహళ చరిత్ర గ్రంథాల ప్రకారం ఆ తగాదా తర్వాతే మహాసాంఘికులు వేరుపడ్డారు. వాళ్ల శాఖలే తర్వాత మన కృష్ణా తీరానికి చేరాయి. అమరావతి, నాగార్జునకొండ శాసనాల్లో ఆ చైత్యక, అపరశైల శాఖల పేర్లు ఉన్నాయి. అందుకే వైశాలి మనకు మరీ దూరపు చుట్టమేమీ కాదు.

అమరావతి స్తూపానికి పూర్ణకలశం చెక్కిన ఫలకం ఒకటి దానం చేసినవాడి పేరు విధికుడు. అతను చర్మకారుడు. ఉపాధ్యాయుడు నాగుని కొడుకుననీ, తల్లితో, భార్యతో, అన్నదమ్ములతో, పిల్లలతో కలిసి ఇస్తున్నాననీ శాసనంలో చెక్కించుకున్నాడు. వృత్తి దాచుకోలేదు. ఎవరూ దాచుకోమనలేదు. తోలు పని చేసే మనిషి పేరు మహాస్తూపం రాతి మీద నిలిచింది. వైశాలి చెరువు ఒడ్డున దొరకని చోటు, ఆ వైశాలి దారిలో వచ్చిన ధమ్మం కృష్ణ ఒడ్డున ఇచ్చింది.

మన విహారం సంగతి

ఉపాసకులారా, ఇక మన దగ్గరికి వద్దాం. దీక్ష తీసుకున్నాం, 22 ప్రతిజ్ఞలు చేశాం. వాడలో చిన్నదో పెద్దదో విహారం కట్టుకున్నాం. ఆ ఏడు ధమ్మాలు మన సంఘానికి పెట్టి చూసుకుందాం.

వారం వారం కూడుతున్నామా, లేక ఏప్రిల్ 14కూ డిసెంబర్ 6కూ మాత్రమేనా? కలిసి వచ్చి కలిసి లేస్తున్నామా, లేక అధ్యక్షుడు మాట్లాడగానే సగంమంది లేచిపోతున్నారా? లెక్కలు అందరి ముందూ చదువుతున్నామా? లెక్క అడిగినవాణ్ని యశుడిలా చూస్తున్నామా, ద్రోహిలా చూస్తున్నామా?

మన ఆడవాళ్లు ఎక్కడ కూర్చుంటున్నారు? వందన చెప్పేది వాళ్లు, ముగ్గు వేసేది వాళ్లు, ఖీర్ వండేది వాళ్లు. కమిటీలో వాళ్ల పేర్లు ఎన్ని? గోతమి ఇంకా గుమ్మం బయటే నిలబడి ఉంటే, ఆనందుడిలా అడిగేవాళ్లు మనలో ఎవరు?

అన్నిటికన్నా కష్టమైన ప్రశ్న. ఇది మాలల విహారం, అది మాదిగల విహారం అనే మాట మీ ఊళ్లో వినపడుతోందా? పెళ్లి సంబంధం దగ్గరికి వచ్చేసరికి బౌద్ధులం అన్న మాట పక్కకు పోయి, ఉపకులం ముందుకు వస్తోందా? మన వెనక ఉన్నవాళ్లను, మనకన్నా తక్కువని లోకం అనేవాళ్లను, మన విహారంలోకి పేరు పెట్టి పిలుస్తున్నామా? పైవాడు మన మీద వేసిన వలను తిట్టడం న్యాయమే. కానీ ఆ వల ముక్క ఒకటి మన చేతిలో కూడా ఉందేమో చూసుకోవాలి.

ఈ రోజుల్లో వస్సకారుడు తల గొరిగించుకుని గంగ దాటి రానక్కర్లేదు. ఫోన్‌లో ఒక మెసేజ్ చాలు. ఫలానా వాడు నీ గురించి ఇలా అన్నాడట అని వస్తుంది. అలాంటిది వచ్చినప్పుడు ఒక్క పని చేయండి. ఆ మనిషి ఇంటికి నడిచి వెళ్లి, అన్నా, నువ్వు ఇలా అన్నావా అని ముఖాముఖి అడగండి. లిచ్ఛవుల్లో ఒక్కడైనా అలా వెళ్లి అడిగి ఉంటే, ఎద్దుల కథ అక్కడితో తెగిపోయేది.

ఎవరైనా అనవచ్చు, ఇంత ఆత్మవిమర్శ ఎందుకు, శత్రువు బయట ఉన్నాడు కదా అని. ఉన్నాడు, కాదనను. అజాతశత్రు నిజమే, అతని సైన్యమూ నిజమే. కానీ అతను ఎప్పుడూ ఉంటాడు. అతను లోపలికి రాగలడా లేదా అన్నది మన మధ్య నమ్మకం మీద ఆధారపడి ఉంటుంది. సమానం కాని మనుషుల మధ్య నమ్మకం ఎక్కువ కాలం నిలవదు. అందుకే సమానత్వాన్ని దయగానో మంచితనంగానో చూడకండి. అది మన గోడ, మన కోట.

చివరిసారి వైశాలి విడిచి వెళ్లేటప్పుడు బుద్ధుడు ఆగి, ఏనుగులా ఒళ్లంతా తిప్పి నగరాన్ని చూశాడట. తథాగతుడు వైశాలిని చూడడం ఇదే చివరిసారి అని ఆనందుడితో చెప్పి, కుశీనగరం దారి పట్టాడు. అప్పుడు ఆయన కళ్లకు సంథాగారం కనపడి ఉంటుంది, చెరువు కనపడి ఉంటుంది, అంబపాలి తోట కూడా కనపడి ఉంటుంది.

నేడు ఆ చెరువు వైశాలిలో అలాగే ఉంది. అభిషేక పుష్కరిణి అంటారు. పైన వల లేదు, చుట్టూ కాపలా లేదు. పక్కనే శాంతి స్తూపం ఉంది. మీరు వెళ్తే ఆ ఒడ్డున కాసేపు కూర్చోండి. మీతో వచ్చినవాళ్లందరినీ పక్కన కూర్చోబెట్టుకోండి. తిరిగి వచ్చాక వచ్చే ఆదివారం మీ విహారంలో సభ పెట్టండి. పిలవడానికి ఇంటింటికీ వెళ్లేటప్పుడు, ఇప్పటిదాకా ఎవరి తలుపు తట్టలేదో ఆ తలుపు మొదట తట్టండి.

భవతు సబ్బ మంగళం.
నమో బుద్ధాయ! జై భీమ్!